నాయన కన్ను, రైలు గేటు, నా నోరు

అయిపోయింది! మా నాయన కుడికంటి ఆపరేషన్ ఈ రోజు పొద్దున అయిపోయింది. కంటి మీద తెల్లటి కట్టు, దాని మీద చిల్లుల ప్లాస్టిక్ మూత. ఇంకో కంటితో నన్నే చూస్తూ చక్కెర లేని టీ తాగుతున్నాడు.

"ఏంది పాపా, ఏడుస్తాండావా, నవ్వుతాండావా?" అని అడిగాడు.

రెండూ చేస్తున్నాను. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, 'షుగర్ ఎక్కువుంది, తగ్గించుకుని రండి' అనిపించుకుని వెనక్కి తిరిగిపోయిన ఆపరేషన్ ఇది. మూడోసారికి అయింది.

తిరువళ్ళూరులో కంటి ఆసుపత్రి మేడ మీద వరండాలో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం ఇంటికి పంపించేస్తామన్నారు. కానీ పెద్ద డాక్టరు వచ్చి ఇంకోసారి చూసి, 'ఇక పోవచ్చు' అనే దాకా ఒక్కరికి కూడా ఫోన్ చెయ్యనని నాయనకి మాట ఇచ్చాను. నోరు ఊరుకోవడం లేదు. అందుకని చేతికి పని పెట్టాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సైకాలజీ. రిజల్టు వచ్చిన రోజు నా ఫోన్‌లో ఉన్న పేర్లన్నిటికీ వరసగా చేశాను. గ్యాస్ సిలిండర్ తెచ్చే అన్నకి కూడా చెప్పాను. "శానా సంతోషంమ్మా. అయితే మీరు ఈ నెల సిలిండరు ఇంకా బుక్ చెయ్యలేదే?" అన్నాడు పాపం. నాకు ఒక మంచి మాట తెలిసిందంటే అది కడుపులో నిలవదు. మా అమ్మ అంటుంది, "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని. ఈ కథలో తప్పంతా ఆ నోటిదే.

మా నాయన షేర్ ఆటో నడుపుతాడు. తిరువాలంగాడు స్టేషన్‌లో లోకల్ రైలు దిగిన వాళ్ళని ఎక్కించుకుని, ఊళ్ళోకి, గుడి దాకా, ఆ పైన ఉన్న పల్లెలకి తీసుకుపోతాడు. ఆటో సొంతమే. దానికి ముందున్నది నలుగురి చేతులు మారి వచ్చిన పాత బండి, దానికి ముందు సైకిల్. ఆయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలు వేసుకుంటాడు, అన్నం తగ్గించాడు. కానీ కంట్లో శుక్లం వచ్చింది. మొదట ఎదురుగా వచ్చే బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నాడు. చీకటి పడ్డాక బండి తియ్యడం మానేశాడు. తర్వాత ఒకరోజు పొద్దు వాలే వేళ, రైలు గేటు పడి ఉంటే ఆయనకి కనిపించలేదు. వెనక కూర్చున్న కూరగాయలామె, "ఓ యన్నా, గేటు! గేటు!" అని అరిస్తే బ్రేకు వేశాడు. గేటు కర్రకీ ఆటో అద్దానికీ మధ్య జానెడు చోటు మిగిలింది.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. "ఆపరేషన్ చేయించుకుంటా. లేదంటే బండి అమ్మేస్తా. ఎవురినో చంపి నేను కూడు తినలేను," అన్నాడు. బండి లేకపోతే మా నాయన ఏమవుతాడో నాకు తెలుసు. పొద్దున నాలుగున్నరకే లేచి, ఆటో అద్దం తుడిచి, దానితో మాట్లాడే మనిషి ఆయన.

మామిడికాయలు వచ్చే రోజుల్లో ఆపరేషన్‌కి మొదటిసారి తేదీ ఇచ్చారు. ఇంకేముంది, ఆ సాయంత్రమే అందరికీ చెప్పేశాను.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఆసుపత్రికి పోబోతున్నారంటే, పోకముందే వచ్చి పలకరించాలి. చెప్పకపోతే తప్పు చెప్పనివాళ్ళది. చెప్పినా రాకపోతే తప్పు రానివాళ్ళది. తప్పు ఎవరిదైనా పదేళ్ళు నిలుస్తుంది. ఇప్పటికీ మా ఇంట్లో ఒక పిన్నమ్మ పేరు ఎత్తితే, "వాళ్ళమ్మకి గడ్డ తీసినప్పుడు చెప్పలేదు కదా ఆమె" అనే మాటతోనే మొదలవుతుంది.

కాబట్టి ఆపరేషన్‌కి ముందు రోజు ఇల్లు నిండిపోయింది. బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. షుగర్ ఉన్న మనిషికి ఎవరో జిలేబీ కూడా తెచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ధైర్యం చెప్పడానికే వచ్చారు. ధైర్యంతో పాటు తలా ఒక కథ కూడా తెచ్చారు.

తిరుత్తణిలో పూజసామాన్ల కొట్టు ఉన్న మా పెద్దత్త, అంటే నాయన వాళ్ళ అక్క, కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"భయం లేదురా తమ్ముడా. మా పక్కింటాయనకి చేసినారు. ఒక కన్ను పోయింది, అంతే. ఇంకొక కంటితో టీవీ బాగా చూస్తాండాడు."

"వదినా, ముందు కాఫీ తాగండి," అంది అమ్మ.

"ఉండమ్మే, వానికి ధైర్యం చెప్తా ఉండా కదా!"

గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పనిచేసే మా మామ తన వంతు అందుకున్నాడు. "సూది కంటిలోనే ఏస్తారంట బావా. మా కంపెనీలో ఒగాయన చెప్పినాడు." సూది ఎంత పొడవుంటుందో చూపుడువేలు మొత్తం చాపి చూపించాడు. తర్వాత అది చాలదనుకున్నాడేమో, మణికట్టు దాకా చూపించాడు.

"యాడరా అంత సూది! అది ఎద్దులకి ఏసేది," అని నాయన నవ్వాడు. నోరు నవ్వుతున్నదే కానీ, కాలి బొటనవేలు నేల మీద అదే పనిగా రాస్తున్నది.

మరుసటి రోజు పొద్దున అయిదింటి నుంచి ఫోన్లు. "భయపడొద్దు", "భయపడొద్దు మామా", "భయపడబాకన్నా". ఇంతమంది భయపడొద్దని చెప్తే, భయపడాల్సిందేదో ఉందనే కదా అర్థం. ఆసుపత్రిలో సిస్టరమ్మ వేలు పొడిచి చూసి పెదవి విరిచింది. షుగర్ ఇంత ఉంటే కన్ను ముట్టుకోకూడదు, గాయం సరిగ్గా మానదు, చీము పట్టే ప్రమాదం ఉంది అంది. కట్టుకున్న ఆసుపత్రి పచ్చ గౌను విప్పి, మళ్ళీ ఖాకీ చొక్కా వేసుకుని, ఏమీ మాట్లాడకుండా రైలెక్కాడు నాయన.

అప్పటికి నేను తిరువళ్ళూరులోనే ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో పనికి చేరి కొన్ని నెలలయింది. అక్కడ కౌన్సెలర్ మేడమ్ ఒకామె ఉంది. వారానికి రెండు రోజులు వస్తుంది, ఆమెకి సాయం నేను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, టిఫిన్ తిని, రెండు గంటల తర్వాత మళ్ళీ ఇవ్వాలి. ఆ రెండు గంటలూ హాల్లో టీవీ చూస్తూ, గోడ గడియారం చూస్తూ, ఎవరి షుగర్ ఎంతో ఒకరినొకరు అడుగుతూ కూర్చుంటారు. మేడమ్ టీవీ ఆపించి, ఆ సమయంలో పది నిమిషాలు మనసు, ఒళ్ళు రెండూ సడలించుకోవడం నేర్పుతుంది. భయం, కోపం, కంగారు వచ్చినప్పుడు ఒంట్లో కొన్ని రసాలు ఊరుతాయని, అవి దాచిపెట్టిన చక్కెరని రక్తంలోకి తోస్తాయని, మామూలు మనిషికి అది సర్దుకుంటుందని, షుగర్ ఉన్నవాళ్ళకి సర్దుకోదని ఆమె చెప్పే తీరు చాలా తేలిక. "పులి వస్తే పరిగెత్తడానికి ఒళ్ళు చక్కెర ఇస్తుంది. పులి రాలేదు, మీరు పరిగెత్తలేదు. చక్కెర ఎక్కడికి పోతుంది?" అంటుంది.

తర్వాత కళ్ళు మూసుకోమంటుంది. పిడికిలి గట్టిగా బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి. భుజాలు చెవుల దాకా ఎత్తి వదలాలి. ముఖం చిట్లించి వదలాలి. ఊపిరి నాలుగు లెక్కపెట్టే దాకా తీసుకుని, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలాలి. మొదటిసారి నన్ను చేయించమన్నప్పుడు, తిరుత్తణి బట్టల కొట్టు పెద్దాయన ఒకాయన ఒక్క కన్ను మాత్రమే మూశాడు.

"తాతా, రెండూ మూసుకోవాల."

"నువ్వు బాగనే చెప్తావు. రెండూ మూసుకుంటే బయట చెప్పులు ఎవురు చూస్తారు? పోయిన నెలే కొన్నా."

చెప్పులు లోపలికి తెచ్చి ఆయన కుర్చీ కింద పెట్టాక రెండు కళ్ళూ మూశాడు. అయిదు నిమిషాలకి గురక పెట్టాడు. మేడమ్ నాకేసి చూసి, బొటనవేలు పైకెత్తి చూపించింది.

ఇది నాయనకి నేర్పాలని పట్టుదల వచ్చింది. నా గొంతుతో ఫోన్‌లో రికార్డు చేశాను. కళ్ళు మూసుకోండి, మీరొక ప్రశాంతమైన సముద్రతీరంలో ఉన్నారు, చుట్టూ ఎవరూ లేరు, అని. రేడియోలో వార్తలు చదివే మనిషిలాగా చదివాను. రాత్రి భోజనాలయ్యాక పెట్టి వినిపించాను.

"ఎవురు పాపా ఈయమ్మ?" అన్నాడు నాయన.

"నేనే నాయనా."

"నువ్వా! ఏంది, తీర్పు చెప్పే మాదిరి ఉండాది." తర్వాత కాస్త ఆలోచించి, "సముద్రం వద్దు. మెరీనా బీచి అంటేనే నాకు బండి యాడ నిలపాలో తెలీక తల నొప్పొస్తాది," అన్నాడు.

అమ్మకి ఇంకో అనుమానం. "చుట్టూ ఎవురూ లేకుండా, సద్దు లేకుండా యాడుంటాది? ఎవురన్నా పోయిన ఇంట్లోనే అట్ల ఉంటాది. దాన్ని ఎందుకు తలుచుకోవాల?"

రికార్డింగు తీసేశాను. సైకాలజీ పుస్తకంలో సముద్రం ఉంది కానీ మా ఇంట్లో లేదు.

దారి చూపించింది రైలు గేటు. అప్పటికి నాయన ఎండ ఉన్నంతసేపే బండి తీస్తున్నాడు. ఒక పొద్దున నేను క్లినిక్‌కి పోవాలని నాయన ఆటోలోనే స్టేషన్‌కి బయలుదేరాను. వెనక నలుగురు, ముందు నాయన పక్కన నేను. గేటు పడింది. నాయన మారిపోయాడు. బొటనవేలు హారన్ మీద, మెడ మీద నరం పైకి, భుజాలు చెవులకి అంటుకుపోయాయి. ఇంజను ఆపలేదు. గూడ్స్ బండి వచ్చింది. ఆయన దాన్ని తిట్టే తిట్లు రాయను. మా లైన్లో రోజుకి ఎన్ని బళ్ళు పోతాయో, ఆ గేటు ఎన్నిసార్లు పడుతుందో అప్పుడు తట్టింది. అన్నిసార్లూ ఈయనకి పులి వస్తున్నట్టే.

"నాయనా, భుజాలు దించు."

"దించితే గేటు లేస్తాదా?"

"లేవదు. ఎత్తుకోని ఉంటే లేస్తాదా?"

వెనక కూరగాయలామె పక్కున నవ్వింది. నాయన నాకేసి కోపంగా చూసి, ఇంజను ఆపాడు. భుజాలు దించాడు. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని వదలమన్నాను. వదిలాడు. లెక్కపెట్టడానికి వేరే ఏదీ అక్కర్లేకపోయింది. ఎదురుగా పెట్టెలు పోతూనే ఉన్నాయి. నాలుగు పెట్టెలు పోయేదాకా ఊపిరి తియ్యి, ఆరు పెట్టెలు పోయేదాకా వదులు అన్నాను. గూడ్స్ బండి పొడుగు మీకు తెలుసు కదా. గేటు లేచేసరికి నాయన ముఖం మీద చెమట ఆరిపోయింది.

"దీనికి ఎంత సదువు సదివినావే!" అన్నాడు. వెక్కిరింత లాగే ఉంది, కానీ మరుసటి రోజు నుంచి గేటు పడగానే ఇంజను ఆపడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకి ఆటోలో ఎక్కేవాళ్ళకి కూడా అలవాటైంది. బడి టీచరమ్మ ఒకామె, కూరగాయలామె, అందరూ కలిసి భుజాలు ఎత్తి దించేవాళ్ళు. కొత్తగా ఎక్కిన ఒకాయన, "ఏమన్నా, ఇది ఆటోనా, యోగా క్లాసా?" అన్నాడట. "ఆటోనే. క్లాసు ఫ్రీ," అన్నాడట నాయన. గేటు వేసే అన్న కూడా తన గది కిటికీలోంచి చూసి, "ఇంకో బండి ఉండాది, నిదానంగా చెయ్యండి!" అని కేక వేసేవాడు.

మేడమ్‌కి చెప్తే మురిసిపోయింది. వెంటనే రెండు జాగ్రత్తలు చెప్పింది. ఊపిరి మాత్రకి బదులు కాదు, మాత్ర ఒక్కటి కూడా మానకూడదు. ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, తల తిరిగితే అది కంగారు అనుకుని కళ్ళు మూసుకుని కూర్చోకూడదు, షుగర్ పడిపోయి ఉండవచ్చు, ముందు బండి పక్కకి తీసి నిలిపి, వేలు పొడిచి చూసుకోవాలి, మిషను దగ్గర లేకపోతే వెంటనే తీపి తినాలి. అందుకని గ్లూకోజు పొట్లం ఒకటి ఆటోలో దేవుడి పటం పక్కన చేరింది. మాత్రలు, తిండి, నడక, గేటు అన్నీ కలిసి, ఇంట్లో చూసుకునే షుగర్ మెల్లగా దిగివచ్చింది.

వానలు మొదలయ్యాక రెండోసారి తేదీ ఇచ్చారు. ఈసారి నేను బుద్ధిగా ఉన్నాను. అయిదుగురికే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ప్రతి ఒక్కరి చేతా ఒట్టు వేయించుకున్నాను. మా వాళ్ళలో 'ఎవరికీ చెప్పొద్దు' అంటే, నమ్మకమైన మనిషి ఒక్కరికి చెప్పవచ్చు అని అర్థం. ఆ ఒక్కరికీ ఒక నమ్మకమైన మనిషి ఉంటారు. ముందు రోజు సాయంత్రం పెద్దత్త ఆటో దిగింది. వెనకే ఇంకో ఆటో.

"అయిదుగురికి చెప్పి నాకు చెప్పలేదంటనే! నేనేమి పరాయిదాన్నా?" అంటూ వచ్చి, ఈసారి కొత్త కథ చెప్పింది. కుట్లు విప్పిన కథ. కుట్లే వెయ్యరని నేను చెప్తుంటే, "నువ్వు పుస్తకంలో చదివినావు, నేను కంటితో చూసినా," అంది. రాత్రి వాళ్ళంతా హాల్లోనే పడుకున్నారు. నాయన నిద్రపోలేదు. పొద్దున సిస్టరమ్మ మళ్ళీ పెదవి విరిచింది.

ఈసారి రైల్లో నాయన మాట్లాడాడు. "ఇంక చాలు పాపా. నాకు రాసిపెట్టి లేదు. బండి అమ్మేస్తా."

ఊరికే అన్నాడనుకున్నాను. ఆదివారం ఒకాయన వచ్చి ఆటో చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, ఇంజను శబ్దం విన్నాడు. నాయన పక్కన నిలబడి, దానికి ఉన్న చెడంతా వరసగా చెప్తున్నాడు. కొనేవాడి ముందు సొంత బండిని అంతలా తిట్టే మనిషి అమ్మాలనుకోవడం లేదని నాకు అర్థమైంది. వచ్చినాయన ఆలోచించుకుని చెప్తానని వెళ్ళిపోయాడు. నాయన వెంటనే గుడ్డ తడిపి, ఆయన చెయ్యి పెట్టిన చోటల్లా తుడిచాడు.

మంగళవారం మేడమ్ ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నాయన షుగర్ రాసిన చిన్న నోటుపుస్తకం అడిగింది. రెండు తేదీలకి ముందు వారం అంతా బాగానే ఉంది. చివరి సాయంత్రం నుంచే పైకి పోయింది.

"ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగింది?" అంది.

"అందరూ వచ్చారు మేడమ్. ధైర్యం చెప్పడానికి."

"వాళ్ళకి ఎలా తెలిసింది?"

నేను ఒళ్ళో ఉన్న ఫోన్ తీసి సంచిలో పెట్టేశాను. అంతే. ఇంకేమీ అడగలేదు ఆమె. నాయనకి నేను నేర్పిన ఊపిరంతా నా ఫోనే ఊదేసింది.

మూడోసారి ఇచ్చిన తేదీ పదకొండు రోజుల కిందట తెలిసింది. నాయన, అమ్మ, నేను, ముగ్గురమే. అమ్మ తులసి దగ్గర నిలబెట్టి నా చేత ప్రమాణం చేయించింది. ఆ పదకొండు రోజులు నేనెలా ఉన్నానో నాకే తెలుసు. నాయనకి కాదు, నాకు కావలసి వచ్చాయి పిడికిలి బిగించడాలు. మూడో రోజు పెద్దత్త ఫోన్ చేసింది, ఊరికే, పలావు ఆకు ధర గురించి చెప్పడానికి.

"ఏమే, గొంతు అట్ల ఉండాది? ఏమన్నా సమాచారమా?"

"ఏమీ లేదత్తా." ఎడమ పిడికిలి బిగించాను. అయిదు లెక్కపెట్టాను.

"ఏదో ఉండాది. సంబంధమా?"

"లేదత్తా!" వదిలాను. ఊపిరి ఆరు లెక్కపెట్టే దాకా వదిలాను.

"ఏందే, బుసకొడతాండావు?"

జలుబని చెప్పి ఫోన్ పెట్టేశాను. మామ మెసేజ్ పెట్టాడు, బావ కన్ను సంగతి ఏమయిందని. ఒక నమస్కారం బొమ్మ పంపించాను. దానికి ఆయన ఏం అర్థం చేసుకున్నాడో మరి, ఆయనా నమస్కారమే పెట్టాడు.

నాయనకి కూడా ఒక మాట చెప్పాను. ఆసుపత్రిలో సిస్టరమ్మ వేలు పట్టుకునే ముందు, గేటు పడిందనుకోమన్నాను. "గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా?" అన్నాడు. గూడ్సే అన్నాను.

నిన్న సాయంత్రం మా ఇల్లు ఎంత మామూలుగా ఉందంటే, నాయన చారన్నం, బీరకాయ కూర తిని, తొమ్మిదింటికి పడుకున్నాడు. ఈ పొద్దున ఫోన్ మోగలేదు. ఒక గుడ్డసంచిలో తువ్వాలు, మందుల చీటీలు, నోటుపుస్తకం పెట్టుకుని బయలుదేరాం. స్టేషన్‌లో పాలాయన ఎదురయ్యాడు.

"యాడికన్నా, ఇంటిల్లిపాదీ బయలుదేరినారు?"

నాయన ఎప్పుడూ అబద్ధం ఆడడు. అమ్మ ఆకాశంలోకి చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. "పాప క్లినిక్ ఉండే ఊరికి," అన్నాడు నాయన. నిజమే కదా. రైలొచ్చింది.

ఆసుపత్రిలో మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టారు. నాయన కళ్ళు మూసుకున్నాడు. భుజాలు దిగాయి. పెదవులు కదులుతున్నాయి, పెట్టెలు లెక్కపెడుతున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది, నాది వేడిగా ఉంది. సిస్టరమ్మ వచ్చింది, అదే సిస్టరమ్మ. వేలు పొడిచింది. మిషను చూసింది. మళ్ళీ చూసింది. నేను పెదవినే చూస్తున్నాను.

"లోపలికి రండయ్యా," అంది.

అంకె ఎంతో కూడా అడగలేదు నేను. లోపల ఎంతసేపు ఉన్నాడో గడియారం చూడలేదు. బయటికి తీసుకువచ్చినప్పుడు నాయన మొదట అన్న మాట ఇది: "సూది కనిపించనే లేదు పాపా. మీ మామ ఎద్దుల డాక్టరు తావకి పోయినట్టుండాడు."

ఇదుగో, పెద్ద డాక్టరు ఇప్పుడే వచ్చి పోయాడు. చిన్న టార్చి వేసి చూశాడు. బాగుంది, ఇంటికి పోవచ్చు, రేపు కట్టు విప్పుతాం అన్నాడు. కంట్లో నీళ్ళు పడకూడదు, బరువులెత్తకూడదు, చుక్కలు వేళకి వెయ్యాలి. బండి ఎప్పుడు నడపవచ్చో తర్వాతి పరీక్షలో చెప్తానన్నాడు. 'నడపవచ్చా' అని కాదు, 'ఎప్పుడు' అని. నాయన ఆ మాటని రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఇప్పుడు అమ్మ సంచి సర్దుతున్నది. నా చేతిలో ఫోన్ ఉంది.

ఫోన్ చెయ్యాల్సిన వాళ్ళు:

కౌన్సెలర్ మేడమ్. మొదట ఆమెకే. ఈ రోజు సెలవు ఎందుకు పెట్టానో ఆమెకి ఒక్కదానికే తెలుసు, కానీ నేను చెప్పలేదు, ఆమే కనిపెట్టింది.

గుమ్మిడిపూండి మామ. షిఫ్టు వదిలాక. సూది సంగతి నాయనే చెప్తానంటున్నాడు.

పిన్నమ్మ. వాళ్ళమ్మకి గడ్డ తీసినప్పుడు చెప్పని పిన్నమ్మే. ఈసారి మేమూ చెప్పలేదు కాబట్టి లెక్క సరిపోయిందంటుంది అమ్మ.

కూరగాయలామె, బడి టీచరమ్మ. ఇద్దరూ కొన్నాళ్ళు వేరే ఆటో చూసుకోవాలి.

ఆ ఆదివారం ఆటో చూసిపోయినాయన. బండి అమ్మడం లేదని.

గ్యాస్ అన్న. అలవాటు తప్పకూడదు.

తిరుత్తణి పెద్దత్త. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని. ముందు తిట్టనిచ్చి, తర్వాత ఏడవనిచ్చి, రేపు రావద్దని చెప్పాలి. ఆదివారం రమ్మనాలి. జిలేబీ వద్దని చెప్పాలి.

పాలాయన. ఆయనకీ షుగరే, ఆయన కంట్లోనూ శుక్లమే, భయపడి రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాడు. ఆయనకి మాత్రం నన్ను చెయ్యొద్దన్నాడు నాయన. తనే చేస్తాడట. కథలేమీ చెప్పడట. అయిపోయింది, నొప్పి లేదు, టీ తాగినా, అని చెప్పి పెట్టేస్తాడట.